సగం వేగంలో గిటారు

పాత రికార్డు ప్లేయర్‌లో 33 మీదున్న మీటను 16కి జరిపితే పాట సగం వేగానికి తగ్గుతుంది, సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. షడ్జమం షడ్జమంగానే ఉంటుంది. చదివి వినిపించే పుస్తకాలకు వాడిన ఆ 16 వేగం గిటారు నేర్చుకునేవాళ్లకు గురువైందని తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం వేసింది. పరుగెత్తే స్వరాలు ఒక్కొక్కటీ ఆగి పలకరించేవన్నమాట!

రికార్డుతో కలిసి వాయించడాన్ని వ్యాపారం చేసిన వాళ్లలో న్యూయార్కులోని ఇర్వ్ క్రాట్కా ఒకరు. 1950లో ‘మ్యూజిక్ మైనస్ వన్’ పేరుతో ఒక వాద్యం తీసేసిన రికార్డులు తెచ్చాడు. ఆ ఖాళీని కొన్నవాళ్లే నింపుకోవాలి. 1971 నాటి జపాన్ కరావోకే యంత్రం దీనికి చుట్టమే, అక్కడ ఖాళీ గొంతుది.

భిలాయిలోని మా మరోదాకు పాట విని వాయించే ఈ విద్య క్యాసెట్టుతో వచ్చింది. ఫిలిప్స్ దాన్ని చూపించింది 1963లో. మా క్వార్టర్లకు చేరేసరికి ఎనభైలు వచ్చేశాయి. భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేసు 1959లో వెలిగింది. అక్కడ ఉద్యోగాల కోసం వచ్చిన తెలుగువాళ్ల ఇళ్లలో మాట తెలుగు, పాట హిందీ. ‘యాదోఁ కీ బారాత్’ సినిమా పాటలో గాజు గ్లాసు టింగుమన్న వెంటనే వచ్చే భూపీందర్ సింగ్ గిటారు కోసం మేం పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. నైట్ షిఫ్ట్ చేసొచ్చిన నాన్న పగలు పక్క గదిలో నిద్రపోయేవారు. శబ్దం బాగా తగ్గించి, స్పీకరుకు చెవి ఆనించి వినేవాణ్ని. రివైండు మీట ఎంతసేపు నొక్కితే ఆ ముక్క మొదటికి వస్తుందో వేలికి తెలిసిపోయేది.

ఇంకో తంటా ఉంది. టేప్‌రికార్డర్‌లో బెల్టు సాగితే పాట శ్రుతి దిగుతుంది. అదే క్యాసెట్టు మా ఇంట్లో ఒక శ్రుతి, పక్కింట్లో ఇంకో శ్రుతి. అందుకే ముందు మోగుతున్న పాటకు తీగలు సరిచేసుకుని, ఆ తర్వాతే వాయించడం. మా చెవులు తయారైంది అక్కడే.

ఇప్పుడు ఫోను శ్రుతి చెడకుండా పాటను నెమ్మది చేస్తుంది, గిటారు కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) కూడా తెర మీద రాసి చూపిస్తుంది. సౌకర్యమే, కాదనను. కానీ వెతుకులాట పోయింది. నా దృష్టిలో అది పెద్ద నష్టం. మీ ఇంట్లో గిటారు పట్టిన పిల్లలుంటే, ఒక్క పాటనైనా తెర చూడకుండా చెవితో పట్టుకోమనండి. మొదటి స్వరం దొరకడానికి ఒక పూట పడితే పట్టనివ్వండి.