నాగుకిచ్చిన గింజ: కర్నూలు, కడప మెట్టసీమల విత్తన చరిత్ర

కడప జిల్లాలోని పెద్దముడియాన్ని చాళుక్యుల ఆవిర్భావగాథ ముడివేము అగ్రహారంగా ఎరుగును. భర్తను కోల్పోయి గర్భవతిగా వచ్చిన రాణికి విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చి, ఒక రాజవంశపు బీజాన్ని కాపాడిన చోటు అదేనని ఆ గాథ చెబుతుంది. అక్కడి మట్టి మాత్రం అంతకంటె మిక్కిలి పురాతనమైన బీజరక్షణకు సాక్ష్యమిస్తున్నది. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, పి.సి. వెంకటసుబ్బయ్య ప్రభృతులు పెద్దముడియం, హనుమంతరావుపేట వంటి నవీనశిలాయుగ స్థలాల మట్టిని నీటిలో తేల్చి, బొగ్గుగా మారిన గింజలను ఏరి పరిశీలించారు. దక్షిణాపథపు తొలి కృషీవలులు ప్రధానంగా ఉలవ, పెసర, అండుకొర్రలపై ఆధారపడి బ్రతికారని వారి పరిశోధనలు నిరూపించాయి. నాలుగువేల ఏళ్ళకు పూర్వమే ఈ సీమలో ఎవరో ఒకరు పంటలో కొంత తినక దాచిపెట్టి, మరుసటి వానకు తిరిగి నేలలో వేశారన్నమాట.

అయితే ఈ వారసత్వాన్ని అవిచ్ఛిన్నమైన స్వచ్ఛతగా భావించడం చరిత్రకు సమ్మతం కాదు. ఈనాడు రాయలసీమ ఆహారానికి ప్రతీకగా చెప్పుకొనే జొన్న ఆఫ్రికా నుంచి వచ్చిన అతిథి. సజ్జ, రాగి కూడా ఆ ఖండానివే. వేరుసెనగ దక్షిణ అమెరికా నుంచి బహుదూరం ప్రయాణించి చేరింది. వచ్చిన గింజను ఈ నేల రైతులు తరతరాలుగా తమ వానకూ తమ ఎండకూ తగినట్లు ఏరి, దాచి, మళ్ళీ విత్తారు గనుకనే అవి ఈ నేలవి అయ్యాయి. నంద్యాల రేగళ్ళలో పండే పచ్చజొన్నను చూసి ఆఫ్రికాను తలచుకొనేవారు ఇప్పుడెవరూ లేరు.

మెట్టసేద్యంలో విత్తనం కేవలం పంటకు ఆరంభం మాత్రమే కాదు. ముంగారు తొలిపదునుకు వేసిన గింజ మొలకెత్తి, ఆపై వాన మొగం చాటేస్తే పైరు ఎండిపోతుంది; రైతు రెండోసారి విత్తాలి, ఒక్కొక్క ఏడు మూడోసారీ విత్తాలి. కనుక ఇంటిలో ఒక్క విత్తుకు సరిపోయే గింజ ఉంటే చాలదు. ఆలస్యంగా పడిన వానకు తగిన స్వల్పకాలిక ధాన్యం వేరుగా ఉండాలి, అదీ తప్పితే హింగారుకు మరొకటి ఉండాలి. మూడు నెలలలోపే చేతికందే కొర్ర ఈ లెక్కలో ఎంతో విలువైనది. కోతకు ముందే మేలైన కంకులను ఏరి చూరుకు వ్రేలాడదీయడం, ఉలవలనూ అనుములనూ బూడిదతోనో ఎర్రమట్టితోనో కలపడం, కుండలో వేపాకు పరచి మూతిని పేడతో మెత్తడం వంటి పనులు ప్రాయికంగా ఇంటి ఆడవారి అధీనంలోనే ఉండేవి. గింజ కొరవడిన ఇల్లు పొరుగింటి గడప తొక్కేది. తీసుకొన్న ధాన్యాన్ని పంట తరువాత వడ్డీ కలిపి ధాన్యంగానే తీర్చే నాగు పద్ధతిలో ఆదరమూ ఉంది, దోపిడీ కూడా ఉంది: బంధువుల మధ్య అది పరస్పర సహాయం, భూస్వామికీ కూలిరైతుకూ నడుమ అది పెక్కుసార్లు సంకెల. పాత గ్రామజీవనాన్ని స్మరించేటప్పుడు ఈ రెండవ ముఖాన్ని మరచిపోకూడదు.

ఆచారాలలో కూడా ఈ విజ్ఞానపు జాడ ఉంది. అహోబిల నృసింహుని బ్రహ్మోత్సవాలకు నాంది అయిన అంకురార్పణలో పాలికలలో నవధాన్యాలు మొలకెత్తిస్తారు. శాస్త్రకారుల ఉద్దేశం పారమార్థికమే కావచ్చు. కానీ విత్తుకు ముందు గింజ మొలుస్తుందో లేదో చూసుకొనే రైతు అలవాటు దాని వెనుక ఉన్నదని అనుకోవడానికి అడ్డేమీ కనిపించదు. ఆ నృసింహునికే చెంచులక్ష్మి వలన నల్లమల చెంచులతో వియ్యం. పారువేటకు ఆయన పల్లెపల్లెకూ స్వయంగా వెళ్తాడు. చెంచులది వేరే మార్గం. వారి జీవనాధారం గాదె కాదు, అడవి: దుంపలు, పండ్లు, తేనె. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం, ఆ తరువాత వచ్చిన అభయారణ్యపు నియమాలు ఆ అడవిపై వారి స్వేచ్ఛను క్రమంగా సంకుచితం చేశాయి. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కొంత భాగాన్ని కాగితం మీద తిరిగి ఇచ్చింది. మైదానపు రైతునూ అడవి చెంచునూ ఒకే ‘ఆదివాసీ’ పదంలో చేర్చి మాట్లాడటం అలక్ష్యమే. ఆహారానికి మూలమైన దానిపై తమ అధికారాన్ని కోల్పోయారనే విషయంలో మాత్రం ఇద్దరి అనుభవాలూ దగ్గరగా వస్తాయి.

ఈ వ్యవస్థకు పరమపరీక్ష కరువు. 1866లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి తన ధాన్యంతో వేలమందికి అన్నం పెట్టి శాశ్వతకీర్తిని పొందాడు. అన్నదాతను చరిత్ర స్మరించింది. విత్తనదాతల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరపు కరువు ఎవరి గాదెకూ అందని విపత్తు. ఆ కరువుకు పూర్వం 1871లో, అనంతరం 1881లో జరిగిన జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగోవంతు తగ్గిపోయింది. కర్నూలు-కడప కాలువ అప్పటికే ఉన్నా దాని నీరు పారేది కొన్ని ఊళ్ళకే. ఆకలి ముదిరినచోట మొదట పశువు పోతుంది, పిమ్మట విత్తనపు కుండ ఖాళీ అవుతుంది; కుండ ఖాళీ అయ్యాక వాన కురిసినా ఏమి లాభం? ఈ స్థితిని గుర్తించిన పాలకులు కరువు కమిషన్ అనంతరం 1884లో వ్యవసాయదారుల రుణాల చట్టం తెచ్చి, విత్తనాలకూ పశువులకూ తక్కావి అప్పులు ఇవ్వడానికి వీలు కల్పించారు. ఉద్దేశంలో కారుణ్యం ఉంది. కానీ అంతవరకు పొరుగింటికి రుణపడిన రైతు ఇకపై సర్కారుకు రుణపడ్డాడు. గింజను గింజగా కాక నగదుగా లెక్కించే అలవాటు ఆనాడే బలపడిందని నా అభిప్రాయం.

1906లో నంద్యాలలో స్థాపితమైన పరిశోధనాక్షేత్రం ఈ కథకు రెండవ మలుపు. రైతుల చేలనుంచి సేకరించిన జొన్న, కొర్ర, పత్తి రకాలలో మేలైనవి ఏరి, శుద్ధిచేసి, తిరిగి రైతులకే అందించిన ఈ కేంద్రాన్ని కేవలం ధ్వంసకర్తగానో కేవలం ఉపకర్తగానో చిత్రించడం న్యాయం కాదు. ఇక్కడి జొన్న వంగడాలకు పెట్టిన ఎన్‌టిజె అనే సంకేతంలోని అక్షరాలు నంద్యాల తెల్లజొన్నకు పొడిరూపం. కొర్ర వంగడాలకు కృష్ణదేవరాయ, నరసింహరాయ, సూర్యనంది అని పేర్లు పెట్టారు. ఈ వంగడాలను రైతు మళ్ళీ దాచుకోవచ్చు. వరిలాగే కొర్ర కూడా స్వపరాగ సంపర్కంతో పండుతుంది గనుక గింజ తన గుణాన్ని కోల్పోదు. నష్టం మరో రూపంలో వచ్చింది: ఒక మేలైన రకం వందల స్థానిక రకాల చోటును ఆక్రమించింది, పేరులేని పాత గింజలు నిశ్శబ్దంగా వెళ్ళిపోయాయి.

అసలు విచ్ఛేదం ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధానిది. వేరుసెనగకు ఎకరాకు కావలసిన విత్తనం అత్యధికం, ఇచ్చే వృద్ధి అల్పం. దాచిన గింజ త్వరగా మొలకశక్తిని కోల్పోతుంది. పైగా అప్పుల ఒత్తిడికి పంటను కల్లంలోనే అమ్మక తప్పదు. అందుచేత ఏటా తొలకరికి ముందు రాయితీ విత్తనాల కోసం వరుసలో నిలబడటం సీమరైతు జీవితంలో ఒక ఋతుధర్మమైంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పేదల కంచంలోకి వచ్చింది. దానిని నిందించడం కడుపు నిండినవారికే సాధ్యం, అయినా కొర్రనూ జొన్ననూ అది వెనక్కు నెట్టిన మాట నిజం. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించిన పిమ్మట సంకర విత్తనం ఏటా కొనితీరవలసిన సరుకైపోయింది. చిత్రమేమంటే ఆ సంకర పత్తి విత్తనోత్పత్తికి నంద్యాల, ఆళ్ళగడ్డ పరిసరాలే ఒక కేంద్రం. విత్తనాన్ని చేతులతో తయారుచేసే సీమే విత్తనానికి కొనుగోలుదారు కూడా అయింది.

ప్రతిఘటన కూడా తెలుగునేల నుంచే మొలకెత్తింది. 1983లో జహీరాబాద్ ప్రాంతంలో ప్రారంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో దళిత మహిళలు గ్రామ విత్తన నిధులను నెలకొల్పి, పాత పంటల జాతరల ద్వారా గింజలను ఊరూరా ఊరేగించారు. అనంతపురం మెట్టల్లో టింబక్టు కలెక్టివ్ చిరుధాన్యాలకు పునరుజ్జీవం కల్పించింది. 2001 నాటి వంగడాల రక్షణ, రైతుహక్కుల చట్టం, బ్రాండు పేరు తగిలించి అమ్మనంతవరకు, విత్తనాన్ని దాచుకొనే, పంచుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే రైతు హక్కును గుర్తించింది. 2018లో ఐక్యరాజ్యసమితి రైతుహక్కుల ప్రకటన కూడా విత్తనంపై హక్కును పేర్కొన్నది. నిజానికి ఈ హక్కు ఎవరూ రాయకముందే పెద్దముడియంలో అమలులో ఉంది.

ఇప్పుడు కర్నూలు, కడప పల్లెల్లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా, తొలకరికి ముందే పొడినేలలో నవధాన్యాలను, ఒక్కొక్కచోట ఇరవైకి పైబడిన రకాలను, బూడిద, మట్టి పట్టించి చల్లుతున్నారు. స్వయం సహాయక సంఘాల స్త్రీలే దానికి ఆధారం. అన్ని రకాల గింజలు ఒకే ఊరిలో దొరకడం లేదు. వెదకుతూ వెళ్ళిన స్త్రీలకు ఏదో ఒక మారుమూల పల్లెలో ఒక ముసలమ్మ అటక మీద కొర్రకంకి కనిపిస్తే, ఆమె దానికి డబ్బు తీసుకోదు. పంట వచ్చాక ఒక శేరు కొర్రలు తెచ్చి ఇమ్మంటుంది.