బాపు రాసిన ఊరు

గడ్డపోతారంలో ఇల్లు తీసుకున్నాక మేం కొన్న మొదటి పెద్ద వస్తువు కంప్యూటర్. 2005 నాటి మాట. పిల్లల చదువుకని కొన్నాం గానీ దాని ముందు ఎక్కువగా కూర్చున్నది మా బాపు. రిటైరై మా దగ్గరున్న రెండేళ్లలో, ఒక్కో వేలితో కొట్టుకుంటూ, మంజీర మీద సింగూరు ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయిన తన ఊరి గురించి రాశాడు. ఏ వాడలో ఎవరి ఇల్లు, ఏ బావి నీళ్లు తియ్యన, బొడ్రాయి ఎక్కడ, బోనాలు ఏ దారిన పోయేవి, అన్నీ. వాడకొక ఫైలు చొప్పున మొత్తం 11. ఊరు నీళ్ల కింద ఉంది. బాపు ఇప్పుడు లేడు.

మొన్న ఎండాకాలంలో ఆ కంప్యూటర్ హార్డ్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు మొదలుపెట్టింది. "ఇది ఎక్కువ రోజులు రాదు, ఉన్నవన్నీ తీసేసుకో" అన్నారు మా ఆయన. 11 ఫైళ్లలో 10 పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి. ఒకటి రాలేదు. వచ్చినవాటిని కొత్త లాప్‌టాప్‌లో తెరిస్తే మా అమ్మాయి, "అమ్మా, తాత ఇంగ్లీషుల రాసిండా? ఇదేం ఇంగ్లీషు?" అంది. చూస్తే నిజమే. గీతలు, చుక్కలు, అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. తెలుగు ఒక్క ముక్క లేదు.

ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. మన వంటింటి భాషలో చెబుతాను. మీ పోపుల డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో మీకు తెలుసు. పేర్లు రాసి పెట్టుకోరు. "మూడో గిన్నెలోది చెంచాడు వెయ్యి" అంటే మీ ఇంట్లో జీలకర్ర పడుతుంది. అదే మాట మీ చెల్లెలింట్లో చెబితే మెంతులు పడొచ్చు. పాత తెలుగు ఫాంట్లు సరిగ్గా ఇలాగే పనిచేసేవి. అప్పటి కంప్యూటర్‌లో అక్షరాలకు 256 గళ్లు ఉండేవి, అవి ఇంగ్లీషు కోసం ఏర్పాటైనవి. మనవాళ్లు ఆ గళ్లలోనే తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా సర్దారు. ఫైలులో దాగేది గడి నంబరే. దాన్ని తెలుగు బొమ్మగా చూపించేది ఫాంటు. పైగా ఒక్కొక్కరిది ఒక్కో సర్దుబాటు. బాపుకు ఫాంటు వేసిచ్చింది ఒక డీటీపీ కుర్రాడు. ఆ ఫాంటు లేని కొత్త లాప్‌టాప్‌కు నంబర్లు అందాయి గానీ వాటిలో ఉన్న తెలుగు అందలేదు.

ఈ చిక్కు తీర్చడానికే యూనికోడ్ వచ్చింది. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు 128 గళ్ల చోటు దక్కింది. అక్షరాల వరస మన వర్ణమాలదే, అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా 'క'కు ఒకే నంబరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి అనే తెలుగు ఫాంటు కూడా వచ్చింది. అంటే బాపు పాత పద్ధతిలో కష్టపడుతున్న నాటికే సరైన దారి ఆ డబ్బాలోనే ఉంది. మాకు చెప్పినవాళ్లే లేరు.

బీఏ తెలుగులో చదువుకున్న తాళపత్రాల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తాటాకు మీద గంటంతో గీసి, మసి పూసి చదివేవారు. దానికి చెమ్మ శత్రువు, పురుగు శత్రువు. కొన్ని తరాలకోసారి కొత్త ఆకుల మీదికి ఎత్తి రాయకపోతే కావ్యం పోయినట్టే. ఎత్తి రాసినప్పుడల్లా తప్పులు దొర్లేవి. ఆకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, పద్యం పాదాలుగా విరిచి ఉండదు. 'ప' 'వ'గా, 'మ' 'య'గా మారిపోయేది. పాఠాంతరాలు అనేవి చాలావరకు ఇలా పుట్టినవే.

తాటాకు నుంచి కాగితానికి మారేటప్పుడు ఈ పని చేయించిన పెద్దమనిషి సి.పి. బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టి, 1817లో మద్రాసుకు వచ్చి, ఉద్యోగంలో చేరాక తెలుగు నేర్చుకున్నాడు. కడపలో సొంత డబ్బుతో పండితులనూ రాయసగాళ్లనూ పెట్టుకున్నాడు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి పోల్చి, తప్పులు దిద్దించి శుద్ధప్రతి రాయించాడు. వేమన పద్యాలను 1829లో అచ్చు వేయించాడు. ఆయన సేకరణ ఈనాటికీ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఆయన పేరుతోనే భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది. పరీక్ష కోసం ఇదంతా బట్టీ పట్టాను. ఎత్తి రాయడం కంటే పోల్చి చూడడమే అసలు పని అని మాత్రం అప్పుడు నాకు తట్టలేదు.

పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి. వాటిలో ఒకదానిలో బాపు ఫైళ్లు వేస్తే నిమిషంలో తెలుగు వచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది. కానీ చదువుతుంటే ఒకచోట "ఆ సాయంత్రం ఆకాశంలో మేలు కమ్ముకున్నాయి" అని ఉంది. బాపు అలా రాయడే! పాత కంప్యూటర్‌లో చూస్తే అది "మేఘాలు". 'ఘా' గడిని సాధనం గుర్తించక వదిలేసింది. 'మేలు' కూడా మంచి తెలుగు మాటే కనుక యంత్రం దాన్ని తప్పని పట్టుకోలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని వాక్యం వాక్యం పోల్చాను. మూడు వారాలు పట్టింది. యంత్రం చేసిన తప్పులు దిద్దాను. బాపు చేసిన తప్పులు అలాగే ఉంచాను. అవి ఆయన గొంతు.

మాకు దగ్గరలోనే, పటాన్‌చెరులో, 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. అక్కడి విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాల నమూనాలు లక్షకు పైగా చల్లటి గదుల్లో ఉంటాయి. ఊరికే దాచి కూర్చోరు. మొలకెత్తే శక్తి తగ్గుతోందని తెలిస్తే మళ్లీ నాటి, కొత్త విత్తనం తీసి దాస్తారు. ఇక్కడేమైనా అయితే పనికొస్తాయని కొన్నిటిని నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన నిధికీ పంపారు. దాచుకోవడమంటే ఒక్కసారి చేసి మరిచిపోయే పని కాదని, రెండోచోట కూడా ఉండాలని నాకు అర్థమైంది. బాపు రాతలు ఇప్పుడు లాప్‌టాప్‌లో, పెన్‌డ్రైవ్‌లో, తమ్ముడింట్లో, కాగితం మీద కూడా ఉన్నాయి.

మిగిలింది ఆ పదకొండో ఫైలు, పడమటి వాడ. రిపేరు షాపులో కూడా రాలేదు. చివరికి మా మేనత్తకు ఫోన్ చేశాను. ఆమెకు ఎనభై దాటాయి. "అత్తా, పడమటి వాడల మొదటి ఇల్లు ఎవరిదే?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "రాసుకుంటవా బిడ్డా? అయితే బావి కాడి నుంచి చెప్పుకొస్త" అంది. ఇప్పటికి తొమ్మిది ఇళ్లయ్యాయి. బాపు రాసినట్టు ఉండదు, నాకు తెలుసు. కానీ అత్త ఉన్నప్పుడే అయిపోవాలి.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత కంప్యూటర్ మూలన ఉంటే, అది లేచి నిలబడుతుండగానే ఒకసారి తెరిచి చూడండి.