బంగారం కొండకి, మేట పల్లానికి

శాక్రమెంటో చుట్టుపక్కల, ముఖ్యంగా ఫోల్సమ్, రోజ్‌విల్ ఊళ్లలో మన తెలుగువాళ్లం బోలెడంతమందిమి ఉన్నాం. ఇండియా నుంచి ఎవరైనా వస్తే కొలోమాకి తీసుకెళ్తాం. 1848 జనవరిలో జేమ్స్ మార్షల్‌కి బంగారం దొరికిన చోటు చూపిస్తాం, పిల్లలచేత పళ్లెంలో ఇసుక కడిగిస్తాం, ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. కడిగిన ఇసుక ఏమైందని ఎవరూ అడగరు. కాలిఫోర్నియా చరిత్రలో నన్ను బంగారం కంటే ఆ ఇసుక కథే ఎక్కువ పట్టుకుంది.

పళ్లేలతో ఏరుకునే బంగారం కొన్నేళ్లకే అడుగంటింది. మిగిలినదాంట్లో చాలా సియెరా నెవాడా కొండల్లో, పురాతన నదులు వేసిపోయిన గులకరాళ్ల పొరల్లో ఉంది. 1853లో నెవాడా సిటీ దగ్గర ఎడ్వర్డ్ మాటిసన్ అనే అతను గొట్టానికి మూతి బిగించి నీళ్లు కొండ మీదకి కొట్టాడు. (అంతకు ముందు ఏడాదే మన ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తయింది. అక్కడ నీళ్లని పొలాలకి మళ్లిస్తే ఇక్కడ కొండల మీదకి మళ్లించారు.) ఎగువన చెరువులు కట్టి, మైళ్ల కొద్దీ కాలువలు తవ్వి, ఆ నీళ్లని ఇనప గొట్టాల్లో దింపితే, ఫిరంగిలాంటి మూతిలోంచి వచ్చే ధారకి కొండ చరియలు చరియలుగా కూలిపోయేది. ఆ బురదని పొడుగాటి చెక్క తొట్లలో పారించి, అడుగున పాదరసం పోసి బంగారం పట్టుకునేవాళ్లు. మిగతాది, అంటే దాదాపు కొండ మొత్తం, యూబా, బేర్, అమెరికన్ నదుల పాలు.

వాలు బాగా ఉన్నంతసేపు నది రాళ్లని కూడా దొర్లించుకుంటూ వస్తుంది. మైదానంలో నడక మందగించగానే ముందు రాళ్లని, తర్వాత ఇసుకని, చివరికి ఒండ్రుని దించేస్తుంది. యూబా కొండ దిగి, మేరీస్‌విల్ దగ్గర ఫెదర్ నదిలో కలుస్తుంది. మేట పడింది సరిగ్గా ఆ దారిలోనే. తోటలు, పొలాలు ఇసుక కింద పడ్డాయి. నది అడుగు లేచి లేచి ఊరి వీధుల కంటే ఎత్తయింది. ఊరివాళ్లు చుట్టూ గట్టు కట్టుకున్నారు, నది లేచినకొద్దీ గట్టు పెంచుకున్నారు. 1875 జనవరిలో గండి పడి ఊరంతా నీళ్లూ బురదా. మేరీస్‌విల్ ఇప్పటికీ ఆ గట్ల మధ్యనే, ఎటూ పెరగడానికి చోటులేక చిన్న ఊరుగానే ఉండిపోయింది.

నీళ్లు తగ్గాక యూబా ఒడ్డు కోసుకుపోయిన చోట చూడండి. అడుగున నల్లటి నేల. దాని మీద పాలిపోయిన పసుపు ఇసుక, అందులో తెల్లతెల్లని పలుగురాళ్లు. ఆ నల్లనేల గొట్టాలు రాకముందు నాటిది. పైనున్నదంతా కొండ.

గనుల వెనక శాన్‌ఫ్రాన్సిస్కో డబ్బుంది. రైతులకి కోర్టే దిక్కయింది. మేరీస్‌విల్‌లో ఆస్తులున్న ఎడ్వర్డ్స్ వుడ్రఫ్ నార్త్ బ్లూమ్‌ఫీల్డ్ కంపెనీ మీద దావా వేశాడు. 1884 జనవరి 7న ఫెడరల్ న్యాయమూర్తి లొరెంజో సాయర్ తీర్పు చెప్పాడు. తవ్వకాన్ని ఆయన నిషేధించలేదు, ఆ మట్టిని నదిలో వదలొద్దన్నాడు, అంతే. మట్టి మీ దగ్గరే పెట్టుకోవాలి అనేసరికి ఆ వ్యాపారం గిట్టుబాటు కాకుండా పోయింది. ఇప్పుడు దీన్ని అమెరికాలో తొలినాటి పర్యావరణ తీర్పుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో చెట్టూ పుట్టా మీద ప్రేమ కనిపించదు. నీ లాభం కోసం నా పొలం పూడ్చే హక్కు నీకెవరిచ్చారన్న ఆస్తి తగాదా అది. బహుశా అందుకే గెలిచింది.

గొట్టాలు ఆగాయి గానీ, అప్పటికే నదిలో పడ్డది తీర్పు విని ఆగుతుందా? 1893లో ప్రభుత్వం ఈ మట్టి సంగతి చూడటానికే ఒక కమిషన్ వేసింది. యూబాకి అడ్డంగా 1906లో డగేర్ పాయింట్ దగ్గర, 1941లో ఇంకా ఎగువన ఇంగిల్‌బ్రైట్ డ్యాము కట్టారు. మనం డ్యాములో పూడిక చేరిందని బాధపడతాం, వీళ్లు పూడిక పట్టడానికే డ్యాములు కట్టారు! గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త బర్క్‌లీలో తొట్లు కట్టించి, నీరు ఇసుకని ఎలా మోస్తుందో కొలిచాడు. నదుల్లోకి దిగిన మట్టి పనామా కాలువకి తవ్విన దానికి దాదాపు 8 రెట్లని, అది ఒక అలలా మెల్లగా దిగువకి జరుగుతోందని 1917లో రాశాడు.

ఆ అలని తొందరగా సాగనంపాలని శాక్రమెంటో నది గట్లని ఇరుకుగా కట్టారు. ఇరుకైతే వడి పెరిగి, ఇసుకని నదే తోసుకుపోతుందని లెక్క. లెక్క తప్పలేదు. కానీ ఇసుక పోయాక ఆ వడే గట్ల పాదాలు కోయడం మొదలుపెట్టింది. యూబా మీద ఇంకో చిక్కు: కొన్నిచోట్ల గట్టు కట్టిందే ఆ గనుల ఇసుకతో. 1986 ఫిబ్రవరిలో లిండా దగ్గర అలాంటి గట్టు తెగి ఊరు మునిగింది. బాధితులు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాక, బాధ్యత రాష్ట్రానిదేనని 2003లో అప్పీలు కోర్టు చెప్పింది. చివరికి రాష్ట్రం 46 కోట్ల డాలర్లకి పైగా చెల్లించుకుంది. సాయర్ తీర్పు తర్వాత నూటపాతికేళ్లు కూడా నిండకుండా, ఆ ఇసుక మీదే ఇంకో తీర్పు.

సన్నటి ఒండ్రు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం దాకా చేరి, అక్కడి బురదనేలల్ని పెంచింది. 1999 తర్వాత ఆ నీళ్లు ఉన్నట్టుండి తేటపడ్డాయి. గనుల నాటి బురద నిల్వ తరిగిపోయిందనీ, కొత్త ఒండ్రుని పైన డ్యాములు ఆపేస్తున్నాయనీ పరిశోధకులు లెక్కగట్టారు. సముద్రం పెరుగుతున్న ఈ రోజుల్లో తీరంలోని చిత్తడినేలలు నిలవాలంటే బురద కావాలి, అది చాలడం లేదు. ఓడల దారిలో తవ్వితీసిన బురదని ఇప్పుడు పారబోయకుండా వీలైనంతవరకు చిత్తడినేలలకి చేరుస్తున్నారు. అయితే ముందు దాంట్లో పాదరసం ఎంతుందో పరీక్షించాలి.