మెయిన్‌ఫ్రేమ్ ఆధునికీకరణ: ఒక చారిత్రక పునఃపరిశీలన

మెయిన్‌ఫ్రేమ్ ఆధునికీకరణపై సాగే చర్చ చాలావరకు ఒకే ఊహపై ఆధారపడి ఉంటుంది. యంత్రం పాతది గనుక దానిని తొలగించి కొత్తదానిని నెలకొల్పాలన్నదే ఆ ఊహ. కంప్యూటర్ల చరిత్ర దీనిని బలపరచదు. పాత ప్రోగ్రాములు ఏమి చేస్తున్నాయో తెలిసినవారు తగ్గిపోవడమే అసలు సమస్య అని ఆ చరిత్ర సూచిస్తుంది.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం సంస్థ సిస్టమ్/360ను ప్రకటించింది. అంతకుముందు ఆ సంస్థ యంత్రశ్రేణులు ఒకదానితో ఒకటి పొసగేవి కావు. చిన్న యంత్రం నుండి పెద్దదానికి మారదలచిన సంస్థ తన ప్రోగ్రాములను మళ్లీ రాయించుకోవలసి వచ్చేది. జీన్ ఆమ్‌డాల్, గెరిట్ బ్లావ్, ఫ్రెడ్ బ్రూక్స్ ప్రభృతులు యంత్రానికి ఇచ్చే ఆదేశాల స్వరూపాన్ని యంత్రభాగాల నుండి వేరుచేసి, చిన్నా పెద్దా నమూనాలన్నింటికీ ఒకే ఆదేశావళిని నిర్ణయించారు. అంతకు పూర్వపు 1401 యంత్రానికి రాసిన ప్రోగ్రాములు సైతం ఈ శ్రేణిలోని కొన్ని నమూనాలపై అనుకరణ పద్ధతిలో నడిచాయి. తరువాత చిరునామాల పరిమాణం 24 బిట్ల నుండి 1983లో 31కి, 2000లో 64కు పెరిగినా పాత ప్రోగ్రాములు ఆగలేదు. ఇల్లు కూల్చకుండా దూలాలు మార్చిన పని ఇది. ఆధునికీకరణ అనే మాట వాడుకలోకి రాకముందే మెయిన్‌ఫ్రేమ్ పలుమార్లు ఆధునికమైంది.

పంచ్‌కార్డుపై ఉండే 80 గడులలో, ఖరీదైన మెమరీలో పొదుపు కోసం సంవత్సరాన్ని రెండంకెలలో రాసిన అలవాటు 2000వ సంవత్సరం సమీపించేసరికి సంక్షోభంగా మారింది. చాలాచోట్ల జరిగినది పునర్నిర్మాణం కాదు, సర్దుబాటు. 50 కంటె తక్కువ అంకె వస్తే 2000ల సంవత్సరంగా, ఎక్కువైతే 1900ల సంవత్సరంగా భావించే వంటి నియమంతో సరిపెట్టారు. ఈ పనికి తెలుగు ప్రాంతానికి గల సంబంధం గాఢమైనది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కోబాల్, జేసీఎల్ నేర్చిన యువకులు ఎందరో ఈ పనిలో చేరారు. 1998 నాటి అమెరికా చట్టం హెచ్-1బీ వీసాల వార్షిక పరిమితిని 65,000 నుండి 1,15,000కు తాత్కాలికంగా పెంచింది. కోస్తాంధ్ర, హైదరాబాదు, సిడ్నీల మధ్య సాగిన ఈ శ్రమ ప్రవాహాన్ని షియాంగ్ బియావో ‘గ్లోబల్ బాడీ షాపింగ్’ (2007) గ్రంథంలో విశ్లేషించారు. వలసను గురించి ఇంత అధ్యయనం జరిగినా, ఆ యువకులు చేసిన పని స్వభావంపై దృష్టి తక్కువ. తేదీ ఏ ఫైలులో ఎక్కడ దాగి ఉందో తెలుసుకోవడానికి వారు పరాయి సంస్థల ప్రోగ్రాములను వరుస వరుసగా చదివారు. కాంట్రాక్టు ముగియగానే మరోచోటికి కదలవలసిన ఏర్పాటులో ఆ ఎరుక సంస్థలో నిలిచే అవకాశం స్వల్పం. చదివించిన సంస్థలు చదివినవారిని నిలుపుకోలేదు.

ఆ నష్టం దృష్ట్యా తరువాతి ఘటనలను పరిశీలించవలసి ఉంది. బ్రిటన్‌లోని టీఎస్‌బీ బ్యాంకు, లాయిడ్స్ బ్యాంకు వ్యవస్థపై నడుస్తూ వచ్చి, 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో దాదాపు 52 లక్షల ఖాతాదారుల వివరాలను మాతృసంస్థ సబడెల్ నిర్మించిన వేదికపైకి తరలించింది. వివరాలు చేరాయి గాని కొత్త వేదిక నిలబడలేదు. దాదాపు 19 లక్షల మంది తమ ఖాతాలకు దూరమయ్యారు. 2022 డిసెంబరులో నియంత్రణ సంస్థలు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి.

2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తగా, న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసిన స్వచ్ఛంద సేవకులు కావాలని కోరారు. నింద భాషపై పడింది. చరిత్రకారులు మార్ హిక్స్ అదే ఏడాది రాసిన వ్యాసంలో, తడబడినది వెనుకనున్న కోబాల్ వ్యవస్థ కాదని, దరఖాస్తులు స్వీకరించే వెబ్‌సైటని వాదించారు. పాత వ్యవస్థలను కనిపెట్టుకొని ఉండే సిబ్బందిని తగ్గించుకున్న విధానాన్నే వారు తప్పుపట్టారు.

2004లో మార్టిన్ ఫౌలర్ ప్రతిపాదించిన క్రమానుగత పద్ధతి ఈ సందర్భంలో గమనార్హం. ఆస్ట్రేలియా అడవులలో మరో చెట్టును అల్లుకొని పెరిగే మర్రిజాతి వృక్షం ఆయనకు ఉపమానమైంది. తాటిచెట్టుపై మొలిచిన మర్రిని చూసిన తెలుగువారికి ఇది కొత్తది కాదు. పాత వ్యవస్థ పని చేస్తుండగానే ఒక్కొక్క పనిని కొత్తది స్వీకరిస్తుంది. అయితే ఏ పనిని ముందు వేరుచేయాలో, దానిపై ఇంకేవి ఆధారపడి ఉన్నాయో తేల్చడానికి ఎవరో ఒకరు పాత ప్రోగ్రామును మొదటి వరుస నుండి చదవవలసే ఉంటుంది.