మిగిలింది ఒక్క బూటు

సోల్‌లోని యోన్సే విశ్వవిద్యాలయం ప్రధాన ద్వారం దగ్గర నేలలో ఒక లోహపు ఫలకం పొదిగి ఉంది. తల వంచి చూస్తే తప్ప కనబడదు. బిజినెస్ మేనేజ్‌మెంట్ రెండో సంవత్సరం చదువుతున్న లీ హాన్‌యోల్ 1987 జూన్ 9 సాయంత్రం కుప్పకూలింది ఇక్కడే.

దక్షిణ కొరియా అప్పటికే ఉడికిపోతోంది. ఆ జనవరిలో పార్క్ జోంగ్‌చోల్ అనే విద్యార్థిని పోలీసులు నీళ్లలో ముంచి, చిత్రహింసలు పెట్టి చంపారు. బల్ల మీద గట్టిగా చరిస్తే హడలి చచ్చాడని బొంకారు. అధ్యక్షుణ్ణి ప్రజలే నేరుగా ఎన్నుకునేలా రాజ్యాంగం మార్చాలన్న డిమాండును ఏప్రిల్‌లో అప్పటి అధ్యక్షుడు చున్ డూ హ్వాన్ తోసిపుచ్చాడు. జూన్ 10న దేశమంతటా నిరసనలకు పిలుపు వచ్చింది. ముందురోజు సన్నాహక సభ ముగించుకుని యోన్సే విద్యార్థులు గేటు దాకా వచ్చారు. పోలీసులు పేల్చిన టియర్ గ్యాస్ గుండు హాన్‌యోల్ తల వెనక తగిలింది.

నెత్తురోడుతున్న అతన్ని తోటి విద్యార్థి పట్టుకుని నిలబెట్టిన క్షణాన్ని రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ జంగ్ టేవోన్ ఫొటో తీశాడు. చిత్రకారుడు చోయ్ బ్యోంగ్‌సు దాన్ని చెక్క మీద చెక్కి అచ్చు వేశాడు. ఆ బొమ్మ ఉద్యమానికి జెండా అయింది. హాన్‌యోల్ కోమాలో ఉండగానే, జూన్ 29న, పాలకపక్షం ప్రత్యక్ష ఎన్నికలకు తలొగ్గింది. ఆ సంగతి తెలియకుండానే జూలై 5న అతను కన్నుమూశాడు. నిండా ఇరవై ఒకటి లేవు. అంత్యక్రియల నాడు సోల్ సిటీ హాల్ ముందు లక్షల మంది చేరారు.

సమాధి గ్వాంగ్జులోని మాంగ్‌వోల్‌డాంగ్ శ్మశానంలో ఉంది. అతను పెరిగిన ఊరది. 1980లో అక్కడ సైన్యం కాల్పులకు బలైనవాళ్లను పూడ్చిన చోటే అతనికీ చోటిచ్చారు.

యోన్సేకి దగ్గర్లోనే ఉన్న స్మారక మ్యూజియంలో జూన్ 9న హాన్‌యోల్ వేసుకున్న బట్టలు, కుడికాలి బూటు ఉన్నాయి. రెండో బూటు దొరకలేదు. ఏళ్లు గడిచేకొద్దీ దొరికినదాని అడుగు కూడా పొడిపొడిగా రాలిపోసాగింది. కళాఖండాలను బాగుచేసే కిమ్ గ్యోమ్ 2015లో నెలల తరబడి కూర్చుని ఆ ముక్కలను అతికించాడు.

ఈ మ్యూజియం 2005లో తెరుచుకుంది. కొడుకు మరణానికి పరిహారంగా వచ్చిన సొమ్ముకు పౌరుల విరాళాలు కలిపి దాన్ని నిలబెట్టినావిడ హాన్‌యోల్ తల్లి బే ఉన్‌సిమ్. కొడుకు పోయేదాకా ఆమె ఇల్లు చూసుకునే మనిషి. 1987 డిసెంబరు ఎన్నికల్లో ప్రతిపక్షం రెండుగా చీలడంతో చున్ సహచరుడు రో టే వూయే గెలిచాడు. అంటే, ఓటు చేతికొచ్చినా లెక్క తేలలేదు. చనిపోయిన ఉద్యమకారుల కుటుంబాలతో కలిసి ఆమె రోడ్డెక్కారు. 1998-99లో పార్లమెంటు ముందు 422 రోజులు బైఠాయించి, ప్రజాస్వామ్యం కోసం బలైనవారికి గుర్తింపు, పరిహారం ఇచ్చే చట్టం సాధించారు. అది చాలదని, అలాంటివారికి జాతీయ గౌరవం దక్కేలా ఇంకో చట్టం కావాలని ఎనభై దాటాక కూడా మళ్లీ అదే పార్లమెంటు ముందు నిలబడ్డారు. 2022 జనవరిలో ఆమె చనిపోయేనాటికి ఆ చట్టం రాలేదు.