తీరపుటూళ్ళలో బయలు: పనికిని ఆటకును చోటు

మన పట్టణముల చరిత్రలు వ్రాయునపుడు కోటలను, ఆలయములను, రేవులను, విద్యాలయములను గూర్చి విస్తరించి వ్రాయుట వాడుక. వాని నడుమ నున్న ఖాళీజాగాలకు సయితము చరిత్ర కలదని తలచినవారు తక్కువ. పిల్లలు ఆడుకొను చోటునకు శాసనములు లేవు. పెద్దలు సాయంకాలము కూర్చుండు చెట్టునీడకు దానపత్రములు లేవు. కావుననే అవి పోయిననాడు లెక్కలలో ఏమియు పోయినట్లు కనబడదు. తెలుగుతీరమందలి చిన్నపట్టణములలో ఉద్యానములకును ఆటస్థలములకును చోటు ఏర్పడిన తీరును, ఏర్పడకపోయిన తీరును ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. మా ప్రతిపాదన యొక్కటే: తీరపుటూళ్ళలో బయలు ఎన్నడును ఖాళీగా లేదు, దానిని ఖాళీయని వ్రాసికొన్న లెక్కయే దానిని పోగొట్టినది.

మొదట పదములను విచారింతము. ఉద్యానమనునది కావ్యములందు రాజుల విహారమునకు సంబంధించిన మాట. పురపాలకసంఘములు ఏర్పడిన పిమ్మట అదియే 'పార్కు'కు పర్యాయమైనది. ఊరివారి నోట నున్న మాటలు వేరు: బయలు, రచ్చ, తోపు, తిన్నె, అరుగు. ఈ మాటలలో ఒక్కటియు కేవల వినోదస్థలమును చెప్పదు. రచ్చలో తగవులు తీరును, కబుర్లును సాగును. తోపులో కాయలు రాలును, బాటసారులు వంట చేసికొందురు, పిల్లలు కొమ్మ లెక్కుదురు. ఒకే చోటు పొద్దునొక పనికిని మాపటి కింకొక పనికిని ఉపయోగపడుట మన ఊళ్ళ పద్ధతి.

ఆటలను గూర్చియు ఇదే చెప్పవలెను. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో జనుల ఆటపాటలు చరిత్రకు ఆధారములు కాగలవని చూపిరి. మేము ఆ దారినే ఇంకొక అడుగు వేసి, ఏ ఆటకు ఎట్టి నేల కావలయునో చూడగోరుచున్నాము. కోతికొమ్మచ్చికి కొమ్మలు క్రిందికి వాలిన చెట్టు కావలెను. చెడుగుడుకు పడినను దెబ్బ తగులని మెత్తని నేల కావలెను. బిళ్ళంగోడుకు ఇంటికప్పులకు దూరమైన విశాలమగు బయలు కావలెను. దాగుడుమూతలకు సందుగొందులు కావలెను. వామనగుంటలకు ఇంటి అరుగు చాలును. తల్లి పిలిచిన వినబడు దూరమున ఉండుటయే దాని సౌకర్యము. ఆడపిల్లలకును పసివారికిని ఇంటి దగ్గరి చోటే చోటు. ఊరి చివర ఎంత పెద్ద తోట వేసినను అది వారికి అందదు. పేటపేటకు చిన్నతావు ఉండవలెనను నేటి నగరనిర్మాణశాస్త్రపు సూత్రము మన ఆటలలోనే ఇమిడియున్నది.

తీరమున ఈ చోటుతో జీవనోపాధియు పెనవేసికొని యున్నది. అలివివలను సముద్రములో వైచి రెండు కొసలను ఒడ్డునుండి లాగుదురు. అందుకు తీరము పొడవున అడ్డులేని ఇసుక కావలెను. తెప్పల కొయ్యలను విప్పి ఆరబెట్టవలెను, వలలను పరచి చిరుగులు బాగుచేయవలెను, ఉప్పుచేపలను ఎండబెట్టవలెను. పట్టిన చేపను స్త్రీలు అక్కడనే పాట పెట్టి కొనుగోలు చేయుదురు. పొద్దెక్కి పని ముగిసినంతనే ఆ యిసుకయే పిల్లలకు ఆటస్థలము. నేతపేటలందును వేరు గాదు. పడుగును వీధి పొడవున సాచి గంజి పెట్టుటకు నీడగల వెడల్పు వీధి కావలెను. పడుగు తీసిన తరువాత ఆ వీధి పిల్లలది.

ఇట్టి నేలను రాజ్యపు లెక్క యెట్లు చూచినది? శిస్తు లేని భూమికి 'పోరంబోకు' అని పేరు. ఇది అరవమునుండి వచ్చిన మాట. లెక్కకు బయట పోయినదని దాని భావము. శిస్తు వసూలు చేయువాని దృష్టిలో అది సబబైన పేరే. కాని ఆ మాట తెలుగున పని లేక తిరుగువానికి తిట్టుగా మారినది. ఊరందరి సొత్తునకు పెట్టిన పేరు ఎవరికిని కొరగానివాని పేరగుట కేవలము పదచరిత్ర కాదు. ఆ నేలయెడల ఏర్పడిన చిన్నచూపునకు అది సాక్ష్యము.

1802 నాటి శాశ్వత పరిష్కారము తరువాత విశాఖపట్టణ మండలమున అధికభాగము జమీందారీల క్రింద నుండెను. 1908 నాటి మదరాసు ఎస్టేటు భూముల చట్టము కళ్ళములను, పశువులు నిలుచు మందబయళ్ళను, గ్రామకంఠములను, గ్రామస్థుల ఉమ్మడి వాడుకకు విడిచిన ఇతర భూములను రైతుభూమినుండి వేరుచేసినది. వలలు ఆరవేయు ఇసుకగాని, పిల్లల బయలుగాని అందు పేరు పెట్టి చెప్పబడలేదు. సేద్యపు గ్రామమును దృష్టియం దుంచుకొని వ్రాసిన చట్టమున తీరపుటూరు 'ఇతర భూముల'లో కలిసిపోయినది. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముచే అట్టి భూములు ప్రభుత్వమునకు చెందినవి. యజమాని మారెను గాని పేరు మారలేదు.

భీమునిపట్టణము ఇందుకు మంచి నిదర్శనము. గోస్తనీ సాగరసంగమమున నున్న ఈ చిన్నరేవు డచ్చివారి స్థావరమై, 1825లో ఆంగ్లేయుల వశమైనది. పందొమ్మిదవ శతాబ్ది ఏడవ దశకమునందే ఇచట పురపాలన ఆరంభమైనది. మన దేశమున మిక్కిలి పాతవైన పురపాలకసంఘములలో నిది యొకటి. 1933లో విశాఖపట్టణపు నౌకాశ్రయము తెరవబడిన తరువాత ఈ రేవు వర్తకము క్షీణించినది. వర్తకము తగ్గిన ఊరిలో నేలకు గిరాకి తగ్గును. అందుచే బయళ్ళు కొంతకాలము వాటంతట అవే నిలిచినవి. ఈ శతాబ్దమున ఆ పట్టణము మహావిశాఖ నగరపాలనలో కలిసినది. గిరాకి మరల వచ్చినది. ఇన్నినాళ్ళు బయళ్ళను కాపాడినది ప్రణాళిక కాదు, పేదరికము. పేదరికము కాపాడినదానిని సంపద వచ్చిన తరువాత ప్రణాళికయే కాపాడవలయును.

ప్రణాళిక మన ప్రాంతమునకు కొత్త కాదు. స్కాట్లండు దేశస్థుడగు పాట్రిక్ గెడ్డెస్‌ను నాటి మదరాసు గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానించెను. 1914లో ఆయన ప్రదర్శన సామగ్రిని తెచ్చుచున్న ఓడను జర్మనుల ఎండెన్ ముంచివేసెను. మరల కూర్చిన సామగ్రితో 1915లో మదరాసున ప్రదర్శన జరిగెను. పిమ్మట ఆయన ఈ రాజధానిలోని పలు పట్టణములను కాలినడకను చూచి నివేదికలు వ్రాసెను. వైద్యుడు రోగిని పరీక్షించి మందిచ్చునట్లు ఊరిని పరిశీలించిన పిమ్మటనే మార్పు తలపెట్టవలెననియు, పాత ఇండ్లను వరుసగా కూల్చి వెడల్పు బాటలు వేయుటకంటె పాడుపడిన ఇండ్లజాగాలను విడిపించి చెట్లు నాటి చిన్నబయళ్ళుగా చేయుట మేలనియు ఆయన మతము. 1920లో వచ్చిన మదరాసు నగరనిర్మాణచట్టము వీధులకును, తోటలకును, క్రీడాస్థలములకును భూమిని ప్రత్యేకించుటకు వీలు కల్పించినది. వీలు కలిగెను; కాని చిన్నపట్టణములలో విస్తారముగా ఆచరణకు రాలేదు.

కారణము ధనమని చెప్పుదురు. అది నిజమే, తోటకు నీరు, కంచె, తోటమాలి కావలెను. కాని ధనముకంటె లోతైనది విశ్వాసము. మరుసటి సంవత్సరమే, అనగా 1921లో, నేతగాండ్ర ఊళ్ళగు చీరాల పేరాలలను కలిపి ఏర్పరచిన పురపాలకసంఘము తమకు వలదని ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి, ఊరివెలుపల రామనగరమను పాకలపల్లెలో సుమారు పదునొకండు నెలలు నివసించిరి. పన్ను భారముగా పెరుగును, ఫలము కానరాదు అనునదే వారి ఆక్షేపణ. ఊరివారి నడుగక ఊరికి చేయు మేలు వారికి మేలుగా తోచదని ఆ ఉద్యమము బోధించుచున్నది. తోట వేయుటయందును ఇదే నీతి.

తీరమున ఇంకొక ప్రమాదము కలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమ మునిగెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమున చెట్లను లెక్కకు మిక్కిలిగ కూల్చెను. ఇసుకదిబ్బను చదును చేసి, సరుగుడును నరికి, రంగురాళ్ళు పరచి 'పార్కు' అని పేరు పెట్టుట తీరమున అలంకారము కాదు, అపాయము. దిబ్బను దిబ్బగా నుంచి, చెట్టుపట్టెను పెంచి, దాని చాటున మెరకనేలను పిల్లలకు విడిచినచో అది ఆటకును రక్షణకును పనికివచ్చును.

చట్టపు దృష్టి క్రమముగా మారుచున్నది. 1991 నాటి తీరనియంత్రణ ప్రకటన పోటురేఖకు ఐదువందల మీటర్ల లోపలి నేలను నియమములకు లోబరచినది. 2011 నాటి ప్రకటన మత్స్యకారుల ఉమ్మడి ఆస్తులను, చేపలు ఎండబెట్టు తావులను పటములలో గుర్తింపుమనినది. ఆ సంవత్సరమే జగ్పాల్ సింగ్ వ్యాజ్యెమున సర్వోన్నత న్యాయస్థానము గ్రామముల ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపుమని రాష్ట్రముల నాదేశించుచు, అట్టి భూముల ఉపయోగములను లెక్కించునపుడు కళ్ళములతోబాటు పిల్లలు ఆడుకొను మైదానమును గూడ పేర్కొనినది. 1908లో పేరు లేని బయలునకు 2011లో పేరు వచ్చినది.

పేరు వచ్చుట మొదటిమెట్టు మాత్రమే. తీరపుటూరిలో ఉద్యానము తలపెట్టువారు మొదట ఆ నేల ఉదయమెవరిదో, మధ్యాహ్నమెవరిదో, సాయంకాలమెవరిదో తెలిసికొందురు గాక. వలలు పరచువారిని, పడుగు సాచువారిని, కోతికొమ్మచ్చి యాడు పిల్లలను అడిగి పటము గీయుదురు గాక. అట్లు గీసిన పటమున ఖాళీ అని వ్రాయదగిన చోటు మిక్కిలి తక్కువగా కనబడునని మా విశ్వాసము.