నగిషీ వెనుక నలుపు: పొగగొట్టాల అలంకరణ చరిత్ర

లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాలలోని చీరల అంచులను, కుళ్లాయిలను, నగలను చూసినవారు మరచిపోలేరు. 1530 ప్రాంతపు ఆ చిత్రాలలో పొగ త్రాగే మనిషి కోసం వెదకినా మీకు కనిపించడు. అప్పటికి పొగాకు మన నేలకు రాలేదు. అమెరికా ఖండానికి చెందిన ఆ మొక్క పోర్చుగీసువారి ఓడలలో వచ్చి, క్రమంగా దక్కనులో స్థిరపడింది.

1565లో తళ్లికోట యుద్ధానంతరం విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయినది. వారి ప్రత్యర్థులలో ప్రధానమైనది బిజాపూరు రాజ్యం. 17వ శతాబ్ది మధ్యలో పెనుకొండ ఆ రాజ్యపు ఏలుబడిలోకే పోయింది. మన దేశంలో పొగగొట్టాన్ని గురించిన ప్రసిద్ధ వర్ణన కూడా ఆ బిజాపూరుతోనే ముడిపడి ఉన్నది.

అక్బరు పాదుషా రాయబారి అసద్ బేగ్ 1604 ప్రాంతంలో బిజాపూరులో పొగాకును చూచి, దానిని ఆగ్రా దర్బారుకు కానుకగా కొనిపోయాడు. ఆ కానుకను ఎలా సిద్ధపరచాడో తానే వ్రాసి ఉంచాడు. మూడు మూరల పొడవైన గొట్టం. చక్కగా ఎండబెట్టి రంగు తేల్చినది. రెండు కొనలకు రత్నాలు, మీనా పని. నోట పెట్టుకొనే చోట కోడిగ్రుడ్డు ఆకారంలో యెమెను దేశపు ఎర్రని అకీకు రాయి. నిప్పుకు బంగారు పాత్ర, అన్నిటినీ అమర్చడానికి వెండి పళ్లెం. గొట్టాన్ని దాచే వెండి ఒరకు ఊదారంగు ముఖమలు తొడుగు.

పాదుషా ముచ్చటపడి గొట్టం అందుకున్నాడు. ఆస్థాన వైద్యుడు అడ్డు చెప్పాడు. ఇది మన వైద్యగ్రంథాలలో లేని వస్తువు, పరీక్షించనిదే వాడరాదని ఆయన వాదం. రాయబారి మనసు నొప్పించలేక అక్బరు రెండు మూడు దమ్ములు పీల్చి వదలివేశాడు, అలవాటు చేసుకోలేదు. కాని అసద్ బేగ్ పొగాకును ప్రభువర్గమంతటికీ పంచాడు. త్వరలోనే వర్తకులు అమ్మసాగారు. 1617లో జహంగీరు నిషేధించినా ఫలితం లేకపోయింది. వైద్యుని మాట ఓడినది పొగాకు గుణం వలన మాత్రమే కాదు. దాని అలంకారం వలన కూడా.

తరువాతి కాలంలో ఆ అలంకారానికి శిఖరం బీదరు పని. హుక్కా అడుగుకుండను తుత్తునాగంలో కొద్దిపాటి రాగి కలిపి పోతపోస్తారు. ఆకురాయితో నునుపు చేసి, మైలుతుత్తం నీటితో తాత్కాలికంగా నలుపెక్కించి, ఉలితో తీగలూ పూవులూ చెక్కి, ఆ గాడులలో వెండి తీగను కొట్టి దిగవేస్తారు. చివరకు బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి వేడి మీద పట్టిస్తే, లోహం కాటుకవలె నల్లబడుతుంది. వెండి మాత్రం చెక్కుచెదరదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో ఈ హుక్కాలను మీరు చూడవచ్చు. పనితనానికి నమస్కరించవలసిందే.

పాశ్చాత్య దేశాలలోనూ ఇదే కథ. సుద్దమట్టి గొట్టాలు పెదవికి అంటుకొనేవి గనుక కొనకు మైనమో మెరుగుపూతో పూసేవారు. కాని 1795లోనే జర్మను వైద్యుడు జోమరింగ్, పెదవి క్యాన్సరు గొట్టం త్రాగేవారిలో అధికమని గుర్తించాడు. టర్కీలో దొరికే మీర్‌షామ్ అనే తెల్లని రాతితో చేసి, తేనెమైనం పట్టించిన గొట్టం వాడుకతో తేనెరంగుకు, తరువాత గోధుమవర్ణానికి తిరుగుతుంది. సేకర్తలు ఆ రంగునే అందమంటారు. వైద్యుని దృష్టిలో అది రాతిలో ఇంకిన పొగమడ్డి. బ్రయర్ కొయ్య గొట్టాలకు ఇసుకను వేగంగా చిమ్మి గరుకుగా చేసే పద్ధతిలో గీతలు అందంగా తేలుతాయి; పైపై లోపాలు మరుగునపడతాయి.

ధర్మవరంలో పట్టుచీర కొనేవారు జరీని తిప్పి వెనుకవైపు చూస్తారు. పొగగొట్టాన్ని కూడా మీరు అట్లే లోపలివైపు చూడండి. నల్లని బొగ్గుపెచ్చు, దుర్గంధపు జిగురు కనిపిస్తాయి. గొట్టం గోడలకు అంటినది కొంత మాత్రమే. మిగిలినది పెదవి, నోరు, గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులకు చేరుతుంది. హుక్కా నీరు పొగను చల్లబరుస్తుందే గాని విషాన్ని హరించదు. పైగా బొగ్గు నుండి కార్బన్ మోనాక్సైడ్ తోడవుతుంది. గంటసేపటి హుక్కాలో పీల్చే పొగ నూరు సిగరెట్ల పొగకు సమానం కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హెచ్చరించింది.

నేడు రత్నాల స్థానంలో రంగుల గాజు, పండ్ల వాసనలు వచ్చాయి; యువతను ఆకర్షించే ఉపాయం మాత్రం పాతదే. ప్రభుత్వం 2019లో ఈ-సిగరెట్లను నిషేధించింది. తెలంగాణ 2024లో హుక్కా కేంద్రాలను నిషేధించింది. 2016 నుండి పొగాకు పెట్టెలపై 85 శాతం మేర హెచ్చరిక బొమ్మ తప్పనిసరి అయినది. నాలుగు వందల ఏండ్ల పాటు అలంకారం దాచిన దానిని ఆ బొమ్మ బయటపెడుతున్నది.

హిందూపురంలో ఉన్నా, ఏ పల్లెలో ఉన్నా, మీ ఇంట పొగ త్రాగే పెద్దలుంటే వారి నోటిని నెలకొకసారి వెలుతురులో చూడండి. తెల్లని మచ్చ, మూడు వారాలకు మానని పుండు, గొంతు బొంగురు ఉంటే వెంటనే వైద్యునికి చూపించండి. మానదలచినవారు 1800-11-2356 జాతీయ సహాయవాణికి ఉచితంగా ఫోను చేయవచ్చు. పూర్వుల పనితనాన్ని మ్యూజియంలో చూచి ఆనందించండి. దానిలోని నిప్పును మాత్రం ఇంట రాజేయకండి.